బి.సి.జి. టీకాకు జరిగిన పరీక్ష

ప్రజారోగ్య నివేదికలను చదువు అలవాటు గలవారికి ఒక విషయము తోచక మానదు. ఎన్ని గ్రామములు తిరిగిరి, ఎందరికి టీకాలు వేసిరి, ఎంత మందు ఖర్చయినది అను అంకెలు పుటల నిండ ఉండును. ఆ టీకా వలన ఎందరికి జబ్బు రాకుండ పోయినదో తెలుపు అంకె మాత్రము అరుదు. మొదటి అంకెకు ఒక గుమాస్తా చాలును. రెండవదానికి ఏండ్లు పట్టును, ధనము కావలెను. తుదకు ప్రతికూల ఫలితము వచ్చినచో దానిని ప్రకటించు ధైర్యమును కావలెను. ఇవన్నియు ఒకచోట కూడిన సందర్భము మన దక్షిణ దేశముననే కలదు.

బి.సి.జి. టీకాను కనుగొన్నవారు ఫ్రాన్సు దేశస్థులైన కాల్మెట్, గెరాన్ పండితులు. లీల్ నగరమున వారు పశువుల క్షయక్రిమిని 1908 మొదలు పదమూడేండ్లపాటు మరల మరల పెంచి, దాని విషమును హరించిరి. 1921లో పారిస్ నగరమున మొదటిసారిగా ఒక శిశువునకు ఆ మందు నిచ్చిరి. 1930లో జర్మనీలోని ల్యూబెక్ పట్టణమున ఈ మందు తీసికొన్న శిశువులలో డెబ్బది మందికి పైగా మరణించిరి. ప్రయోగశాలలో అసలైన క్షయక్రిములు మందులో కలిసిపోవుటయే కారణమని విచారణలో తేలినది. తప్పు టీకాది కాకపోయినను, ఆ భయము చాలకాలము లోకులను విడువలేదు.

మన దేశమున ఈ టీకాకు తొలి అడుగు పడిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ ఊరి సమీపమున ఆరోగ్యవరమని పేరుగాంచిన క్షయ చికిత్సాలయము తెలుగువారికి కొత్త కాదు. 1948లో అచ్చట ప్రయోగాత్మకముగా టీకాలు వేయ నారంభించిరి. టీకా మందును మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటులో తయారుచేయసాగిరి. 1951 నుండి అది దేశవ్యాప్తమైన ఉద్యమమైనది. పరీక్షా దళములు ఊరూర దిగి, మొదట ట్యుబర్క్యులిన్ సూది వేసి, మూడవనాడు మరల వచ్చి చేతిపై వాపును కొలిచి, వాపు లేనివారికి మాత్రమే టీకా వేయవలెను. ఆ మూడవనాటికి ఎందరో పొలము పనులకో, పొరుగూరికో పోయెడివారు. అయినను లెక్కలు కోట్లకు చేరినవి.

ఇట్టి తరుణమున 1955లో చక్రవర్తి రాజగోపాలాచారిగారు టీకా నెదిరించి ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. నిరూపణ లేని మందును కోట్లకొలది పిల్లల శరీరములలోనికి ఎక్కించు అధికారము ప్రభుత్వమున కెక్కడిదని వారి ప్రశ్న. వైద్యులలో పలువురు వారిని పాతకాలపు మనిషి యని త్రోసిపుచ్చిరి. టీకా వలన కలుగు హానిని గూర్చి ఆయన చెప్పినది అతిశయోక్తియే. కాని నిరూపణను గూర్చి అడిగిన మాట అతిశయోక్తి కాదు. ఇంగ్లండులో పదునాలుగు, పదునైదేండ్ల బాలబాలికలు ఏబది వేలమందికి పైగా పాల్గొన్న గొప్ప పరీక్ష తొలి నివేదిక 1956లోగాని వెలువడలేదు. అనగా ఆయన అడుగునాటికి ఆ ఆధారము ఎవ్వరి చేతిలోను లేదు. వెలువడిన పిదప చూడగా, టీకా వేసికొన్నవారిలో క్షయ సుమారు ఐదింట నాలుగు వంతులు తగ్గినది. టీకా పక్షమువారు సంతోషించిరి. అయితే అమెరికా దక్షిణ రాష్ట్రములలో అదే కాలమున చేసిన పరీక్షలలో లాభము అత్యల్పముగా కనబడినది. ఒకే టీకా ఒకచోట రక్షించుట, వేరొకచోట రక్షింపకుండుట ఎట్లు? మన పల్లెలు ఇంగ్లండును పోలునా, జార్జియాను పోలునా?

ఇంగ్లండు అంకెను చూచి మన పిల్లలకు ధైర్యము చెప్పుట తగదని మదనపల్లె వైద్యులు గ్రహించిరి. ఫ్రిమోట్ మోలర్‌గారును ఆయన సహచరులును 1950 నుండి చుట్టుపట్ల గ్రామములలో కొందరికి టీకా వేసి, కొందరికి వేయక, ఇరు తెగలను ఏండ్ల తరబడి కనిపెట్టుచు వచ్చిరి. తొలి సంవత్సరములలో కొంత రక్షణ కనబడినది. కాలము గడచినకొలది అది సన్నగిల్లినది. అయినను ఆ గ్రామముల జనసంఖ్య చిన్నది. దేశమునకంతకు తీర్పు చెప్పుటకు అది చాలదు.

ఇచ్చట ఒక మాట. ఆ దశాబ్దమునందే మద్రాసులో వేరొక పరీక్ష జరిగినది. క్షయరోగులలో కొందరిని శానిటోరియమునందుంచియు, కొందరిని వారి ఇండ్లలోనే ఉంచియు, ఒకే మందులిచ్చి ఒక ఏడాది చూచిరి. శానిటోరియములో నూటికి 92 మందికి, ఇండ్లలో 86 మందికి జబ్బు అణగినది. ఇరుకు గదులు, చాలీచాలని తిండి ఉన్నను ఇంటివద్ద చికిత్స పనిచేసినదని 1959లో ప్రకటించిరి. ప్రపంచమంతట క్షయ చికిత్స త్రోవ మారుటకు అది ముఖ్య కారణమైనది. పరీక్ష యనగా ఎప్పుడును నిరాశయే మిగులునని తలచువారికి ఈ ఉదాహరణము చాలును.

ఇక 1968లో చెంగల్పట్టు జిల్లా తిరువళ్లూరు ప్రాంతమున అసలు పరీక్ష మొదలైనది. భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య సేవాశాఖ కలిసి దానిని తలపెట్టినవి. ఇంటింటికి అంకె వేసి, జనాభా వ్రాసికొని, ప్రతివానికి ట్యుబర్క్యులిన్ పరీక్షయు, పదేండ్లు నిండినవారికి ఛాతీ ఎక్స్‌రేయు చేసిరి. అనుమానము కలిగినచో కఫమును పరీక్షించిరి. ఆ పిమ్మట నెల దాటిన శిశువు మొదలు వృద్ధుల వరకు 2,60,000 మందికి పైగా సూది వేసిరి. ఫ్రెంచి జాతి టీకా, డేనిష్ జాతి టీకా, ఒక్కొక్కటి రెండు మోతాదులు. మూడవ వంతు జనమునకు టీకా లేని ఉత్త ద్రవము. ఏ సీసాలో ఏమున్నదో సూది వేయువానికిగాని, వేయించుకొనువానికిగాని, పిదప ఎక్స్‌రే చదువు వైద్యునికిగాని తెలియదు. సీసాపై సంకేతము మాత్రమే ఉండును. ఈ నియమమే పరీక్షకు ప్రాణము. ఏది ఎవరికి పడినదో తెలిసినచో, కన్ను తాను కోరినదానినే చూచును.

మూడవ వంతు జనమునకు ఉత్త ద్రవ మిచ్చుట న్యాయమా యని అడుగవచ్చును. టీకా రక్షించునని నిశ్చయముగ తెలిసియుండినచో అది అన్యాయమే యగును. తెలియదు గనుకనే పరీక్ష పెట్టిరి. తెలియకయే కోట్లమందికి వేయుట అంతకంటె న్యాయమైన పని కాజాలదని నా అభిప్రాయము.

రెండున్నర ఏండ్ల కొకమారు దళములు మరల ఆ ఊళ్లకు వచ్చి ఎక్స్‌రేలు తీసినవి. ఏడున్నర ఏండ్ల లెక్కలు 1979లో అచ్చైనవి. టీకా వేసికొన్నవారిలోను, వేసికొననివారిలోను ఊపిరితిత్తుల క్షయ ఇంచుమించు సమానముగనే వచ్చినది. ఏ జాతి టీకా, ఏ మోతాదు అన్న భేదము లేదు. ముప్పది ఏండ్లుగా దేశమంతట నడచిన ఉద్యమమునకు ఇది పిడుగువంటి వార్త. నిర్వాహకులు దానిని దాచలేదు. నిపుణులను పిలిపించి, ప్రతి మెట్టును తిరిగి శోధింపజేసిరి. పరీక్షలో దోషము దొరకలేదు.

కారణము లేమి? ఉష్ణదేశముల మట్టిలోను నీటిలోను క్షయక్రిమికి జ్ఞాతులైన ఇతర క్రిములు మెండు. వానితో చిన్ననాటినుండి పరిచయముగల శరీరమునకు టీకా కొత్తగా నేర్పున దేమియు మిగులదని ఒక వాదము. భూమధ్యరేఖకు దూరమైనకొలది టీకా ఫలము హెచ్చుటను ఈ వాదమువారు సాక్ష్యముగా చూపుదురు. అయినను చర్చ నేటికిని ముగియలేదు.

ఫలితమును చదువుటలో మరియొక జాగ్రత్త కావలసివచ్చినది. చెంగల్పట్టు పరీక్ష కొలిచినది ముఖ్యముగా కఫమున క్రిములు గల ఊపిరితిత్తుల క్షయను. పసిబిడ్డలకు వచ్చు మెదడుపొరల క్షయ ఆ కొలతకు అందునది కాదు. ఆ ఘోరవ్యాధి నుండి టీకా శిశువులను కాపాడునని ఇతర దేశముల పరిశీలనలలో తెలిసినది. అందుచేత టీకాను మానలేదు, దాని పని మారినది. ఊరి జనులందరికి వేసి క్షయను అణచివేయుదుమన్న ఆశను విడిచి, పుట్టిన బిడ్డకు వేయుటయే నియమముగా నిలుపుకొనిరి. పెద్దవారి క్షయను అణచు భారము కఫ పరీక్షపైనను, మందులపైనను పడినది.

తిరువళ్లూరు పల్లెలలో మాత్రము దళముల రాకపోకలు ఆగలేదు. టీకా వేసిన నాటినుండి పదునైదేండ్ల వరకు అదే జనమును కనిపెట్టిరి. ఆ తుది లెక్కలు 1999లో ప్రకటితమైనవి. పెద్దవారిలో రక్షణ లేదని మరల తేలినది. పిల్లలలో స్వల్పముగ కనబడిన లాభము, లెక్కల శాస్త్రము ఒప్పుకొనునంత గట్టిది కాదు.