అద్దానికి అందని చోటు: లారీ బ్లైండ్ స్పాట్ చరిత్ర

ప్రమాదం జరిగిన మరునాడు పత్రికలో "డ్రైవరు చూసుకోలేదు" అన్న మాట మీరు చదివే ఉంటారు. చరిత్ర విద్యార్థులుగా మీరు వేయవలసిన ప్రశ్న వేరు: చూడడానికి అతనికి వీలుందా?

డ్రైవరుకు నేరుగా గాని, అద్దాల్లో గాని కనబడని ప్రాంతాన్ని 'బ్లైండ్ స్పాట్' అంటారు. ఇది కంటి లోపం కాదు, బండి నిర్మాణం వల్ల ఏర్పడినది. యూరప్ చట్టాలు లారీ మొత్తం పొడవుకు పరిమితి పెట్టాయి. ఆ పొడవులోనే సరుకుకు ఎక్కువ చోటు దక్కాలని క్యాబిన్‌ను ఇంజను మీదికి ఎక్కించారు. డ్రైవరు ఎత్తుకు చేరాడు. బంపరు ముందు, తలుపు పక్కన ఉన్న మనిషి అతని చూపుకు అందకుండా పోయాడు.

మన దేశంలో ఈ లోటును మనిషితో పూడ్చారు. ఎడమవైపు క్లీనరు బయటికి తొంగిచూసి చెప్పేవాడు. లారీ వెనుక రాసే 'సౌండ్ హారన్' అన్న మాట కూడా, కనబడని బండిని వినిపించమని కోరడమే.

యూరప్ మొదట అద్దాలను నమ్ముకుంది. 2000 జనవరి 1 తరువాత నమోదైన పాత లారీలకు కూడా విశాలంగా చూపే అద్దాలు అమర్చాలని 2007లో యూరోపియన్ యూనియన్ ఆదేశించింది. గడువు 2009 మార్చి 31. అయితే అద్దాలు పెరిగితే చూడవలసిన చోట్లూ పెరుగుతాయి. లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధనలో, నేరుగా చూసినప్పటికంటే అద్దంలో చూసినప్పుడు డ్రైవరు స్పందన సుమారు 0.7 సెకను ఆలస్యమైంది. గంటకు 24 కిలోమీటర్ల వేగంలో ఆ వ్యవధిలో లారీ దాదాపు 4.7 మీటర్లు ముందుకు పోతుంది.

లండన్‌లోనూ మనలాగే బండ్లు ఎడమవైపు నడుస్తాయి, స్టీరింగు కుడివైపు ఉంటుంది. లారీ ఎడమకు తిరిగేటప్పుడు పక్కనున్న సైకిలు మనిషికే ముప్పు. అందువల్ల ఆ నగరం క్యాబిన్ నుంచి నేరుగా ఎంత కనబడుతుందో కొలిచి, 12 టన్నులు మించిన లారీలకు సున్నా నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇచ్చింది. 2021 మార్చి నుంచి అనుమతి పత్రం తప్పనిసరి అయింది. 2024 అక్టోబరు 28 నుంచి కనీసం మూడు నక్షత్రాలు ఉండాలి. లేకుంటే కెమెరాలు, సెన్సర్లతో కూడిన భద్రతా వ్యవస్థ అమర్చుకోవాలి.

ఈ క్రమంలో మారింది పరికరాలు మాత్రమే కాదని గమనించండి. డ్రైవరు జాగ్రత్త మీద, పాదచారి అదృష్టం మీద మోపిన భారం కొంతవరకు బండి తయారుచేసేవారి మీదికి, యజమాని మీదికి మారింది.

అభ్యాసం: మీ ప్రాంతంలోని ఒక లారీ డ్రైవరును గాని, క్లీనరును గాని కలిసి, ఎడమ మలుపులో తమకు ఏది కనబడదో అడగండి. వారి మాటలనే ఆధారంగా తీసుకుని పది వాక్యాలు రాయండి.