అతిథి బండికి జాగా

2018 మార్చిలో ఒక్క రోజు తేడాతో రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. మార్చి 20న తెలంగాణ మున్సిపల్ శాఖ జీవో 63 ఇచ్చింది. మాల్‌కో మల్టీప్లెక్స్‌కో వచ్చిన బండి దగ్గర మొదటి అరగంటకు పైసా తీసుకోకూడదన్నది దాని సారం. మార్చి 21న అమెరికాలోని ఒర్లాండోలో వాల్ట్ డిస్నీ వరల్డ్ తన రిసార్ట్ హోటళ్లలో రాత్రిపూట కారు నిలిపినందుకు రుసుము మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి గది బుక్ చేసుకున్నవాళ్లు చవక రకం హోటల్లో రాత్రికి 13 డాలర్లు, మధ్యరకంలో 19, ఖరీదైన దాంట్లో 24 కట్టాల్సి వచ్చింది. ఇక్కడ తీసేస్తున్నదాన్ని అక్కడ తగిలిస్తున్నారు.

బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్‌లోనో బీరంగూడలోనో ఉంటూ పిల్లల కోసం అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు ఒర్లాండో యాత్ర దాదాపు మొక్కు తీర్చుకోవడంలాంటిదే. కాబట్టి ఆ 13 డాలర్ల సంగతి పటాన్‌చెరు వైపు ఇళ్లకూ చేరింది. డిస్నీ వరల్డ్ తెరిచింది 1971 అక్టోబరులో. అప్పటినుంచి 46 ఏళ్లకు పైగా హోటల్ అతిథి కారుకు అక్కడ అద్దె లేదు. రోజువారీ సందర్శకులు పార్కు ముందు కారు నిలిపితే డబ్బు కట్టేవారు. హోటల్లో దిగినవాళ్లకు అది మాఫీ. దిగినందుకు దక్కే మర్యాదల్లో అదొకటి. రుసుము వచ్చాక పాత అతిథులు మండిపడింది మొత్తాన్ని చూసి కాదు. వందల డాలర్ల గదికి 13 డాలర్లు పెద్ద లెక్క కాదు. గదిలో తమను పడుకోబెట్టినవాళ్లే బయట తమ కారును పరాయిదాన్ని చేశారన్నది వాళ్ల కోపం.

విమానాశ్రయం నుంచి హోటల్‌కు ఉచితంగా నడిచే సంస్థ బస్సు ఉన్నన్నాళ్లు కొందరు అద్దెకారు మానుకుని సర్దుకున్నారు. 2021తో ఆ బస్సూ ఆగింది. కారు తెచ్చుకోక తప్పదు, తెస్తే కట్టక తప్పదు. చివరకు 2023 జనవరిలో ఒర్లాండో హోటళ్లలో ఆ రుసుము ఎత్తేశారు. అదే సంస్థ కాలిఫోర్నియా హోటళ్లలో మాత్రం వసూలు ఆగలేదు. అతిథి మర్యాద కూడా తీరాన్ని బట్టి మారుతుందనుకోవాలి.

మనిషి అతిథి అయితే, అతను వచ్చిన బండి ఏమవుతుంది? ఈ తగువు మచిలీపట్నం నుంచి హైదరాబాద్ మీదుగా సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ దాటి పుణె పోయే దారికి కొత్త కాదు. నిన్నమొన్నటి దాకా తొమ్మిదో నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి అది.

ఆ దారి మీద హైదరాబాద్‌కు తూర్పున హయత్‌నగర్ ఉంది. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన ఊరు. అక్కడి 17వ శతాబ్దపు మసీదు చుట్టూ వరసగా సరాయి గదులు, పక్కనే హాథీ బావలి అనే పెద్ద దిగుడుబావి. బావికి ఏనుగు పేరు ఊరికే రాలేదు. ఆ కాలపు బాటసారుల్లో నాలుగు కాళ్లవాళ్లే ఎక్కువ తాగేవాళ్లు. నగరానికి పడమర, గోల్కొండ కోటకు చేరువలో షేక్‌పేట సరాయి ఉంది. ఇబ్రహీం కుతుబ్ షా కాలపుదని చెబుతారు. రెండంతస్తుల ఆ కట్టడంలో మనుషులకు గదులు, గుర్రాలకు ఒంటెలకు శాలలు, నమాజుకు మసీదు ఒకే ప్రాంగణంలో కనిపిస్తాయి. యాత్రికుడూ అతని జంతువూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వచ్చేవారు. ఒకరికి ఆశ్రయమిచ్చి మరొకదాన్ని రోడ్డు మీద వదిలేయడం కట్టినవాళ్ల ఊహకే అందని సంగతి. ఒంటె పోతే వ్యాపారి ఎలా కదులుతాడు?

ఇందులో దానగుణం ఎంత ఉందో లెక్కా అంతే ఉంది. వ్యాపారి వస్తే సరుకు వస్తుంది, సరుకు మీద సుంకం వస్తుంది. దారి పొడుగునా ఆ సుంకం లాగేశాక సరాయిలో గడ్డి దగ్గర పిసినారితనం దేనికి? గోల్కొండ రాజ్యంలో భూమిశిస్తు మొదలు సుంకాల దాకా ఏటా పాటలో ఎక్కువ పాడినవాడికి గుత్తకిచ్చేవారు. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ ఈ పద్ధతి గురించి వివరంగా రాశాడు. కాబట్టి అతిథిని పిండటం ఆ కాలానికి తెలియదనుకోనక్కర్లేదు. పిండేది సుంకం చౌకీ దగ్గర, పడుకోబెట్టేది సరాయిలో. రెండు పనులూ రెండు చోట్ల జరిగేవి.

ఊళ్లలోనూ లెక్క అదే. మెదక్ సీమలో పెళ్లివారు దిగితే విడిది ఇల్లు చూపించడంతో పని అయిపోయేది కాదు. కచ్చడం బండ్లు విప్పే చోటు, ఎడ్లకు జొన్నచొప్ప, కుడితి తొట్టి కూడా ఆడపిల్ల తరఫువాళ్లే చూడాలి. ఎడ్లకు సరిగా మేత పడలేదన్న మాట వియ్యంకుల మధ్య ఏళ్ల తరబడి నిలిచేది. మంజీర ఒడ్డున ఏడుపాయల జాతరకు శివరాత్రినాడు బండ్లు కట్టుకొచ్చినవాళ్లు చెట్ల కింద ఎడ్లను విప్పి, బండి కిందే వండుకుని, అక్కడే పడుకునేవారు. బండే వాళ్ల బస. అలంకరించిన ఎడ్లబండ్లు తిరగడం ఆ జాతరలో ఇప్పటికీ ఒక ముఖ్య ఘట్టం.

బ్రిటిష్ ఇండియా 1867లో సరాయిల చట్టం తెచ్చింది. నిజాం రాజ్యానికి అది వర్తించలేదు కానీ అందులో ఒక నిబంధన గుర్తుంచుకోదగ్గది: సరాయి నడిపేవాడు తన రుసుముల పట్టిక అందరికీ కనబడేలా పెట్టాలి. లోపలికి వచ్చాక కొత్త పద్దు పుట్టకూడదని దాని ఉద్దేశం. ఈ షరతును పక్కాగా పాటించే బస ఒకటి సంగారెడ్డిలోనే వెలిసింది. 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, 2016లో జైళ్ల శాఖ ‘ఫీల్ ద జైల్’ పథకం పెట్టింది. 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీగా ఉండొచ్చన్నారు. ఖైదీ బట్టలు, తిండి, కటకటాలు అన్నీ ఆ లెక్కలోనే. జిల్లాకు దక్కిన థీమ్ హోటల్ అదేనేమో. అతిథి ఏం కడుతున్నాడో, దేనికి కడుతున్నాడో అంత స్పష్టంగా చెప్పే బస మరొకటి దొరకడం కష్టం.

మరి బండికి విడిగా రుసుము ఎక్కడ పుట్టింది? బసల్లో కాదు, సంతల్లో. సదాశివపేటలాంటి వ్యాపార పట్నాల్లో సంత రోజున తైబజారు వసూలుండేది. నేల మీద గంప పెట్టినా, బండి నిలిపినా ఇంత అని చీటీ. ఆ వసూలు హక్కును వేలంలో ఒకరు పాడుకునేవారు. పాడినవాడికి అతిథులంటూ ఎవరూ ఉండరు. ఇచ్చిన సొమ్ము వెనక్కి రాబట్టుకోవడం ఒక్కటే అతని ధర్మం.

ఆ గుత్త పద్ధతి సైకిల్ స్టాండు రూపంలో సినిమాహాలు గేటు దాటి లోపలికొచ్చింది. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ దశకంలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ, తర్వాత పాశమైలారం, బొల్లారం, 1984లో శంకుస్థాపన జరిగిన ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం. చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిళ్ల మీద షిఫ్టులకు వచ్చినవాళ్లతో ఈ దారి నిండిపోయింది. కార్ఖానా లోపల సైకిల్ షెడ్డు ఉచితం, ఎందుకంటే సైకిల్ లేకపోతే కార్మికుడు లేడు. అదే కార్మికుడు ఆదివారం సినిమాకు వెళ్తే స్టాండు పైసలు కట్టాలి. హ్యాండిల్‌కు ఒక రేకు టోకెన్, చేతిలో మరొకటి. హాలు యజమాని వేరు, స్టాండు పాడుకున్నవాడు వేరు. అసలు మలుపు ఇక్కడే ఉంది. ఇంటి నుంచి వాకిలిని విడదీసి, వాకిలిని మరొకరికి అప్పగించాక, వచ్చినవాడు లోపల ప్రేక్షకుడు, బయట బేరం.

చీటీ వెనక ‘యజమాని బాధ్యతపైనే’ అన్న ముక్క కూడా ఆ కాలంలోనే స్థిరపడింది. డబ్బు తీసుకుంటాం, బండి పోతే మాకు సంబంధం లేదు. ఈ వాక్యం బలం ఎంతో తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. 1998 ఆగస్టులో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్‌లో ఒక అతిథి మారుతీ జెన్ కారు తాళాలు వాలే చేతికిచ్చి లోపలికి వెళ్లాడు; తిరిగొచ్చేసరికి కారు లేదు. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 నవంబరులో వచ్చిన తీర్పు ఏమంటే, కారును తన అధీనంలోకి తీసుకున్న హోటల్, తన నిర్లక్ష్యం ఉన్నప్పుడు, టోకెన్ మీద అచ్చేసిన ముక్కను చూపించి తప్పించుకోలేదు. సరాయి కాపలాదారుకు ఇది కొత్త విషయం అనిపించేది కాదు.

ఇంతలో సంగారెడ్డి, జహీరాబాద్ మధ్య దాబాలు మరో రాజీ కనిపెట్టాయి. లారీ డ్రైవర్ భోజనం చేస్తే లారీకి జాగా, ఒంటికి నులక మంచం, స్నానానికి నీళ్లు. దేనికీ విడిగా బిల్లు లేదు. తినకుండా లారీ నిలిపితే ముఖం మాడ్చుకుంటారు, అంతే. రాసుకున్న చట్టం ఏదీ లేకుండా దేశమంతా నడుస్తున్న ఒప్పందం ఇది.

జీవో 63 చేసింది దాదాపుగా ఈ దాబా న్యాయాన్ని ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కించడమే. అరగంట దాకా ఎవరికైనా ఉచితం. అరగంట నుంచి గంట దాకా, లోపల ఏదైనా కొన్నట్టు బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటితే బిల్లో సినిమా టికెట్టో పార్కింగ్ రుసుము కంటే ఎక్కువ ఉండాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి ఇది అమలైంది. దీని వెనక ఇంకో వాదన ఉంది. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం మాల్ కట్టేటప్పుడే విస్తీర్ణాన్ని బట్టి పార్కింగ్ జాగా చూపాలి, లేకపోతే అనుమతి రాదు. అనుమతి కోసం చూపిన జాగాకు వచ్చినవాళ్ల దగ్గర మళ్లీ అద్దె ఏమిటి? మాట వినని సంస్థలకు జీహెచ్ఎంసీ అధికారులు 50 వేల చొప్పున జరిమానాలు వేశారు. కొన్నాళ్లపాటు బిల్లు కోసం పాప్‌కార్న్ కొన్నవాళ్లూ, పాప్‌కార్న్ కంటే పార్కింగే చవకని తిట్టుకున్నవాళ్లూ కనిపించారు.

ఒంటితెర థియేటర్లకు మాత్రం ఈ ఉచితం గట్టి దెబ్బ. వాటి ఆదాయంలో స్టాండు పైసలు చిన్న పద్దు కాదు. కరోనా కాలం మూసివేతల తర్వాత, 2021 జులైలో ప్రభుత్వం వాటికి పార్కింగ్ రుసుము తీసుకునే వీలు తిరిగి ఇచ్చింది. మాల్స్, మల్టీప్లెక్స్‌లకు పాత నిబంధనే. ఈ తేడా సబబే. నేల టికెట్టు మీద బతికిన హాలుకూ, అద్దెలూ తినుబండారాలూ అన్నీ రాబడే అయిన మాల్‌కూ ఒకే తూకం పెట్టడం న్యాయం కాదు.

దేవుడి దగ్గరా ఈ తగువు వచ్చింది. పునర్నిర్మాణం తర్వాత 2022 మార్చి 28న యాదాద్రి ప్రధానాలయం తెరుచుకుంది. మే 1 నుంచి కొండపైకి వచ్చే కార్లకు మొదటి గంటకు 500 రూపాయలు, ఆపై ప్రతి గంటకు 100 అన్నారు. దర్శనం క్యూ ఎంతసేపు సాగుతుందో భక్తుడి చేతిలో లేదు. ఆలస్యం గుడిది, మీటరు భక్తుడి మీద. విమర్శలు చెలరేగి, కొద్ది రోజుల్లోనే ఆ గంటకు 100 ఎత్తేశారు. 500 మాత్రం ఉంచారు. గమనిస్తే జనం ఎక్కువ రగిలింది పెద్ద అంకె మీద కాదు, ఎంతవుతుందో ముందే తెలియని చిన్న అంకె మీద.

పటాన్‌చెరు, సంగారెడ్డి జనానికి ఈ కథలో దగ్గరి అధ్యాయం మియాపూర్. జిల్లా కేంద్రమైన సంగారెడ్డికి ఇప్పటికీ రైలు లేదు. 2017 నవంబరు 28న మెట్రో మొదలయ్యాక మియాపూర్ స్టేషనే ఈ పారిశ్రామికవాడకు నగర ద్వారం. పటాన్‌చెరు నుంచి సుమారు 15 కిలోమీటర్లు బైకు మీద వచ్చి, స్టేషన్ దగ్గర నిలిపి, అమీర్‌పేటకో ఎల్బీనగర్‌కో వెళ్లేవారు. 2024 ఆగస్టులో ఉచిత పార్కింగ్ ఉన్న నాగోల్, మియాపూర్ స్టేషన్లలో రుసుము పెడతామని మెట్రో సంస్థ ప్రకటించింది. బైకుకు రెండు గంటలకు 10 రూపాయలు, 12 గంటలకు 40. నాగోల్‌లో ప్రయాణికులు అక్కడికక్కడే నిరసనకు దిగారు. అమలు వాయిదా పడింది, మళ్లీ పడింది, చివరికి అక్టోబరులో వచ్చింది.

ఇక్కడ మెట్రో వాదనలోనూ పస ఉంది. ఎండావానా పడకుండా షెడ్డు, కెమెరాలు, మనుషులు ఊరికే రావు. కానీ ఉద్యోగి బైకు నిలిపేది రెండు గంటలకు కాదు, పని రోజంతటికీ. నెలకు 25 పనిదినాలంటే 40 చొప్పున వెయ్యి రూపాయలు. టికెట్టు, పెట్రోలు ఇంకా లెక్కలోకే రాలేదు. ఆ వెయ్యి దగ్గర పటాన్‌చెరు ఉద్యోగి కొత్త కూడికలు మొదలుపెట్టాడు: బైకు ఇంటి దగ్గరే వదిలి ఆర్టీసీ బస్సులో మియాపూర్ చేరితే ఎంత, షేర్ ఆటో ఎక్కితే ఎంత, అసలు మెట్రో మానేసి బైకు మీదే ఆఫీసుకు పోతే ఎంత.