టైన్ లోయను చెక్కమీద రాసినవాడు

న్యూకాసిల్ నుంచి టైన్ నది వెంట పడమరగా వెళ్తే, మిక్లీ పక్కన చెర్రీబర్న్ అనే చిన్న రైతు ఇల్లు వస్తుంది. ఇప్పుడది నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది. చెక్క అచ్చుబొమ్మలకు కొత్త ప్రాణం పోసిన థామస్ బ్యూయిక్ 1753లో పుట్టింది అక్కడే. తండ్రి వ్యవసాయంతో పాటు చిన్న బొగ్గు గని కూడా చూసుకునేవాడు. ఏటికి అవతల ఓవింజమ్‌లో చదువు. గీసుకోవడానికి కాగితం చాలక, ఆ కుర్రవాడు సమాధి రాళ్ల మీదా చర్చి వాకిలి గచ్చు మీదా సుద్దముక్కతో బొమ్మలు వేసేవాడు.

1767లో న్యూకాసిల్‌లో రాల్ఫ్ బీల్బీ దగ్గర పనికి కుదిరాడు. వెండి సామాను మీద పేర్ల నుంచి ముద్రల దాకా ఏది వస్తే అది చెక్కే కొట్టు అది. చెక్క పని యజమానికి గిట్టేది కాదు. అదంతా కుర్రవాడి చేతికొచ్చింది.

అక్కడే అతని నేర్పు బయటపడింది. బాక్స్‌వుడ్ మానును అడ్డంగా కోస్తే వచ్చే గట్టి ముఖం మీద సన్నని ఉక్కు ఉలితో చెక్కేవాడు. దూరపు కొండలు, చెట్లు లేతగా పడాలంటే అక్కడ దిమ్మను కాస్త గీకి పల్లం చేసేవాడు. రాగి రేకు బొమ్మకు వేరే యంత్రం కావాలి. ఈ దిమ్మ మాత్రం సీసపు అక్షరాల పక్కనే ఇమిడి, వాటితో పాటే ఒక్క దెబ్బకు అచ్చవుతుంది. మాటా బొమ్మా ఒకే పేజీలోకి వచ్చాయి.

1776లో లండన్ వెళ్లాడు. పని దొరికినా ఊరు నచ్చలేదు. మరుసటి ఏడే తిరిగొచ్చి బీల్బీకి భాగస్వామి అయ్యాడు. 1785లో తల్లిదండ్రులు పోయేదాకా, దాదాపు ప్రతివారం చెర్రీబర్న్‌కు నడిచే వెళ్లొచ్చేవాడు.

ఆ దారిలో చూసిన లోకమే అతని పుస్తకాల్లోకి ఎక్కింది. 1790లో చతుష్పాద జంతువుల పుస్తకం, 1797లో నేల పక్షుల సంపుటం, 1804లో నీటి పక్షుల సంపుటం వచ్చాయి. బీల్బీతో పొత్తు చెదరడంతో ఆఖరిదాని రాత కూడా బ్యూయిక్ మీదే పడింది. పక్షి ఈకలెంత ముచ్చటగా ఉంటాయో, పేజీ చివరి ఖాళీల్లోని బుల్లి బొమ్మలూ అంత సజీవంగా ఉంటాయి. ఒకదానిలో, వంతెన సుంకం తప్పించుకోవాలని ఒకడు ఆవు తోక పట్టుకుని ఏరు దాటుతుంటాడు. వాడి టోపీ కాస్తా నీళ్లలో కొట్టుకుపోతుంటుంది. ఇంకోచోట పిల్లలు సమాధి రాళ్లనే గుర్రాలు చేసుకుని సిపాయిల ఆట ఆడుతుంటారు.

1822లో పెద్ద కూతురు జేన్ కోరితే స్వీయచరిత్ర మొదలుపెట్టాడు. బ్యూయిక్ 1828లో కన్నుమూశాక ఓవింజమ్‌లోనే సమాధి చేశారు. స్వీయచరిత్రను 1862లో జేన్ అచ్చువేయించింది. అందులో కొలువైనవాళ్లు దొరలు కారు, మిక్లీ పేదలు. ఊరి ఉమ్మడి బీడు మీద వాళ్లు ఆవునో, నాలుగు గొర్రెలనో మేపుకుని ఎలా బతికారో, ఆ బీడును పంచేశాక ఎలా చెదిరిపోయారో బాధతో రాశాడు. టైన్ లోయ చరిత్ర చదవాలనుకునేవాళ్లు పక్షుల పుస్తకంతో పాటు దీన్నీ తెరవాలి.