అంగడి తెఱచుటకు సెలవు: ఆత్మకూరు సీమ వృత్తాంతము

పల్లెయందు క్రొత్తగా నంగడి పెట్టఁదలఁచిన పిన్నవాఁడు ముందుగా వచ్చునది తమవంటి పెద్దల యరుగుమీఁదికే. మడిగె యెవరిది, అప్పెవరిత్తురు, సాక్షిసంతకమెవరు చేయుదురు అను మాటలన్నియు నక్కడనే తేలును. అందుచేత అంగడికి దొరతనమువారి సెలవనునది మన ఆత్మకూరు సీమలో నెట్లు మాఱుచు వచ్చెనో నేఁడు తమతో ముచ్చటింపఁదలఁచితిని.

ఆత్మకూరు నల్లమల వాకిటనున్న యూరు. మోటారు బండ్లు లేని కాలమున శ్రీశైల యాత్రికు లిచ్చటనుండి నాగలూటి, పెద్దచెఱువు, భీముని కొలను మీఁదుగాఁ గొండ నెక్కెడివారు. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఈ త్రోవనే నడచిరి. కందనూరి నవాబుగారు యాత్రికులయొద్దఁ బుచ్చుకొను రుసుములను గూర్చి తమ కాశీయాత్రచరిత్రలో వ్రాసియుంచిరి. దేవుని జూడఁబోవువానికే రుసుము గలిగిన రాజ్యమున, ఆ యాత్రికునికి బియ్యమును బెల్లమును అమ్ముకొనువానిని ఊరక విడుతురా?

నాఁటి పన్నులలోఁ బ్రజలను మిక్కిలి నొప్పించినది మొహతర్ఫా. అది లాభముమీఁది పన్ను గాదు, పనిముట్టుమీఁది పన్ను. మగ్గమున్నచో మగ్గమునకు, కొలిమియున్నచోఁ గొలిమికి, అంగడియున్నచో నంగడికిఁ జెల్లింపవలెను. ఆ యేఁడు బట్ట యమ్ముడుపోయెనా లేదా యని యడుగువాఁడు లేఁడు. వర్తకులకు వీసబడి యని మఱియొకటి గలదు. వీసమనఁగాఁ బదియాఱవ వంతు. ఊరి వర్తకుల కందఱకుఁ గలిపి యొక మొత్తము నిర్ణయింపఁగా, ఎవరి వంతెంతయో వర్తకులే వీసముల లెక్కను పంచుకొనెడివారు. నా యభిప్రాయమున ఈ పద్ధతిలోఁ గొంత న్యాయమును గలదు, కొంత యపాయమును గలదు. తోడివర్తకుని బలమెంతయో వర్తకునికిఁ దెలిసినట్లు అమలుదారునికిఁ దెలియదు. అయినను క్రొత్తగా వచ్చిన బీదవాని నెత్తిన బరువు మోపుటయు పాతవారి చేతిలోనిదే.

1839లో ఇంగ్లీషు కుంపిణీవారు నవాబు గులాం రసూల్ ఖానును దింపి కందనూరి సీమను గైకొనిరి. 1844లో చెన్నపురి రాజధాని యంతటను దారిసుంకములు రద్దయినవి. సరకులబండి ఊరూరను నిలువఁబడు బాధ తప్పినది గాని మొహతర్ఫా మాత్రము నిలిచియే యుండెను. దీనిపైఁ దొలుత గట్టిగా నోరువిప్పినవారిలోఁ దెలుఁగు వర్తకుఁడే ముఖ్యుఁడు. గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు 1852లో చెన్నపట్టణమున స్థాపించిన స్వదేశీయుల సంఘము ఇంగ్లండు పార్లమెంటునకు మహజరు పంపి, అందు మొహతర్ఫాను పేరుపెట్టి ఖండించినది. పన్నుల వసూలులో జనులను హింసించుట నిజమేనని సర్కారు నియమించిన కమీషనే 1855లో ఒప్పుకొనవలసి వచ్చినది. 1860లో ఆదాయపు పన్ను వచ్చిన పిమ్మట మొహతర్ఫా తొలఁగిపోయినది.

అటుతరువాత దొరతనమువారి ప్రశ్న మాఱినది. పూర్వము "ఎంత యిత్తువు?" అని మాత్రమే యడిగెడివారు. పిమ్మట "నీవెవఁడవు? నీ భాగస్థుఁడెవఁడు? నీ సరకెక్కడిది? నీ తూనికఱాయి సరియైనదేనా?" అని యడుగసాగిరి.

సరకెక్కడిదను ప్రశ్న మన నల్లమలలోఁ జాల గట్టిగాఁ దగిలినది. 1882 నాఁటి మద్రాసు అడవిచట్టముతో, తరతరములుగాఁ జెంచులు తెచ్చుకొనుచుండిన తేనె, జిగురు మొదలగునవి సర్కారు సొత్తు క్రిందికి వచ్చినవి. స్వరాజ్యము వచ్చిన పిదప 1956లో విశాఖపట్టణమున గిరిజన సహకార సంస్థ యేర్పడి, గిట్టుబాటు ధరకుఁ గొనుట తన పనిగాఁ జేసికొన్నది. షావుకారి తూకమునుండి వారిని గాపాడవలెనను తలంపు మంచిదే. కాని తాను తెచ్చిన తేనెకుఁ దానే యజమానియై అమ్ముకొను హక్కు చట్టములో స్పష్టముగా వ్రాయఁబడుటకు 2006 నాఁటి అటవీహక్కుల చట్టము రావలసి వచ్చినది. మన సీమలో అందఱికంటె ముందు సరకు తెచ్చినవానికి అందఱికంటె వెనుక సెలవు దొరకినదన్నమాట.

అమ్మకపుపన్ను సంగతి క్లుప్తముగాఁ జెప్పెదను. మద్యనిషేధమువలన తగ్గిన రాఁబడిని పూరించుటకు 1939లో రాజాజీగారి మంత్రివర్గము దీనిని దెచ్చినది. నేఁటి జి.ఎస్.టి. 2017 జూలై 1వ తేదినుండి నడచుచున్నది. ఆంధ్రప్రదేశమున సరకులమ్మువానికి సాలీనా 40 లక్షలు, సేవలు చేయువానికి 20 లక్షలు దాఁటువఱకు నమోదు అక్కఱలేదు. అయితే కృష్ణ కావలనున్న కొల్లాపురమునకు సరకు పంపినచో అది వేఱు రాష్ట్రము. అట్టివానికి సామాన్యముగా ఈ మినహాయింపు చెల్లదు.

ఇఁక నేఁడు అంగడి పెట్టువాఁడు తిరుగవలసిన గడప లెవ్వి? పట్టణమందైనచోఁ బురపాలక కార్యాలయము, పల్లెయందైనచోఁ బంచాయతీ. అక్కడ వర్తకపు లైసెన్సు. మడిగె తనది కానిచో అద్దెపత్రము. తినుబండారములైనచో ఆహారభద్రతవారి నమోదు. 2011 నాఁటి నియమములు ఏఁటికి 12 లక్షలలోపు అమ్మకముగల చిన్నవానిని వేఱుపఱచి, అతనికి లైసెన్సు గాక వట్టి నమోదు చాలునన్నవి. త్రాసునకును ఱాళ్లకును తూనికల శాఖవారి ముద్ర వేయింపవలెను. సేరు, వీసె, మణుఁగులను బోఁగొట్టి కిలోను దెచ్చిన 1956 నాఁటి చట్టము మొదలు ఈ ముద్ర దేశమంతట నొక్కటే లెక్క. చిన్న పరిశ్రమలకై 2020 జూలై 1వ తేదిని వచ్చిన ఉద్యమ్ నమోదునకు ఆధారు, పాన్ సంఖ్యలు కావలెను గాని ఒక్క పైసయు రుసుము లేదు. ఈ యుచితపు కాగితమునకే వేలు గుంజు దలారులు గలరు. అట్టివాఁడు తమ యూరికి వచ్చినచో తమ మాటతోనే త్రిప్పి పంపవచ్చును.

పొత్తువర్తకమును గూర్చి మాత్రము తీఱికగాఁ జెప్పవలసి యున్నది. ఏలయన మన సీమలో ఇల్లు మునుఁగునది పన్నులచేతఁ గాదు, నోటిమాట పొత్తులచేత. ఇద్దఱు అన్నదమ్ముల బిడ్డలు వేరుసెనగనూనె గానుగ పెట్టుకొనిరనుకొందము. లక్ష రూపాయల నూనె అరువు దీసికొన్న వర్తకుఁడు ఎగఁబెట్టెను. వీరు కోర్టుకుఁ బోయిరి. 1932 నాఁటి భాగస్వామ్య చట్టము 69వ ప్రకరణము ప్రకారము, నమోదుకాని సంస్థ తన యొడంబడికను బట్టి పరులపై దావా వేయఁజాలదు. తమాషా యేమనఁగా, ఆ వర్తకుఁడే వీరిపై దావా వేయఁదలఁచినచో వానికి అడ్డులేదు! నమోదు నిర్బంధము కాదని చట్టము పైకిఁ జెప్పుచునే, చేయించుకొననివాని చేతులు కట్టివేసినది. తమలోఁ దాము తగవుపడినను, పొత్తును విడఁదీసి లెక్క చూడుమని యడుగుటకు తప్ప, సంస్థ బ్రతికియుండఁగా ఒకరిపై నొకరు ఒడంబడికను బట్టి దావా వేయుటకును వీలులేదు.

కావున పొత్తుపత్రమును స్టాంపు కాగితముపై వ్రాయించి, సంస్థ పేరు, అంగడి స్థలము, భాగస్థుల పేళ్లు, వారు చేరిన తేదీలు, పొత్తు ఎంతకాలమునకో ఆ గడువు తెలుపుచు సంస్థల రిజిస్ట్రారుకు దరఖాస్తు పెట్టవలెను. పద్దెనిమిదేండ్లు నిండనివానిని లాభములోఁ జేర్చుకొనవచ్చును గాని భాగస్థునిగాఁ జేర్చుట చెల్లదు. ఒకఁడు పొత్తునుండి తొలఁగినను, క్రొత్తవాఁడు చేరినను ఆ కార్యాలయమునకు మఱల తెలుపవలెను; తొలఁగినవాఁడు బహిరంగ ప్రకటన చేయనిచో, అతఁడు విడిచిపోయిన తరువాతి యప్పులును అతని తలుపు దట్టును.