కర్నూలులో ఒక్క ఓటు

1954 నవంబర్ 6. కర్నూలులో ఆంధ్ర శాసనసభ కూర్చుంది. ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది, వాదోపవాదాలు ముగిశాయి, ఓట్లు లెక్కపెడుతున్నారు. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారికి అప్పటికి 82 ఏళ్లు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసు వీధిలో పోలీసు తుపాకీకి రొమ్ము చూపించి నిలబడ్డ మనిషి ఆయనే. ఆనాడు ఎదుట ఉన్నది తెల్లదొర పోలీసులు. ఈనాడు ఎదుట ఉన్నది సొంత రాష్ట్రం, సొంత జనం. వాళ్లలో చాలామంది తాటిచెట్టు ఎక్కి పొట్టపోసుకునే బీదవాళ్ల తరఫున మాట్లాడుతున్నారు.

పదమూడు నెలల కిందట ఇదే ఊళ్లో పండగ జరిగింది. పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణం వదిలాక వచ్చిన రాష్ట్రమిది. 1953 అక్టోబర్ 1న నెహ్రూ వచ్చి ప్రారంభించారు. మద్రాసు మనకు దక్కలేదు. కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని రాయలసీమకు వచ్చింది. కర్నూలులో చాలినన్ని భవనాలు లేక ప్రభుత్వ ఆఫీసులు గుడారాల్లో పెట్టారు. ఎండకూ గాలికీ కాగితాలు కాపాడుకుంటూ గుమాస్తాలు ఒక రాష్ట్రాన్ని మొదటి ఫైలు నుంచి మొదలుపెట్టారు.

సభలో 140 మంది. ఏ పార్టీకీ మెజారిటీ లేదు. కమ్యూనిస్టులు కాంగ్రెస్‌తో సమానంగా బలంగా ఉన్నారు. అందుకే కాంగ్రెస్, తనను విడిచి బయటికి వెళ్లిన ప్రకాశంగారినే పిలిచి పెద్దపీట వేయాల్సి వచ్చింది. ఆయన కూడా ప్రజా సోషలిస్టు పార్టీని వదులుకుని వచ్చారు. తమను కాదని వెళ్లిన ఆయన్ను సోషలిస్టులు క్షమించలేదు. ఆ లెక్క తరవాత తేలింది.

ఆ మంత్రివర్గంలోని పేర్లు ఇవాళ చదివితే ఒళ్లు పులకరిస్తుంది. ఉపముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి, తరవాత రాష్ట్రపతి అయ్యారు. దామోదరం సంజీవయ్య, 1960లో దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. కడప కోటిరెడ్డి. ఆర్థికం చూసిన తెన్నేటి విశ్వనాథం, పంతులుగారికి కుడిభుజం. ఖజానాలో లోటు, చేతిలో గుడారాలు, పక్కన ఇంత పెద్ద మనుషులు. ఒకే బల్ల చుట్టూ ఇంతమంది కూర్చున్న మంత్రివర్గం మనకు మళ్లీ దొరికిందా అంటే నాకు సందేహమే.

చేసిన పని కూడా తక్కువేం కాదు. 1952లో కృష్ణ మీద పాత ఆనకట్ట తెగింది. డెల్టా రైతు గుండె ఆగినంత పనయింది. 1954 ఫిబ్రవరిలో విజయవాడ దగ్గర కొత్త బ్యారేజీకి శంకుస్థాపన జరిగింది. జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది. సెప్టెంబర్‌లో తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. కోస్తాకు హైకోర్టు, సీమకు రాజధాని, విశ్వవిద్యాలయం. ఏడాది లోపల ఇన్ని ఇటుకలు పేర్చిన ప్రభుత్వం అది.

కానీ కల్లు దగ్గర చిక్కు పడింది. మద్య నిషేధం మద్రాసు రాష్ట్రం నుంచి వారసత్వంగా వచ్చింది. గాంధీగారి మాట కనుక కాంగ్రెస్ దాన్ని కాదనలేదు. తాగుడు మాన్పించాలన్నది మంచి మాటే. అయితే చెట్టు ఎక్కేవాడి సంగతేమిటి? తాతల నాటి నుంచి మోకు కట్టుకుని, లొట్టి దించుకుని బతికినవాడికి ఒక్క చట్టంతో కూడు పోయింది. ఆ కుటుంబాలకు వేరే దారి చూపించలేదు. దొంగసారా ఆగలేదు. ఎక్సయిజు ఆదాయం మాత్రం ఆగిపోయింది. ప్రభుత్వం వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమనే చెప్పింది. ఆ సిఫారసును అమలు చేయడానికి మంత్రివర్గం ముందుకు రాలేదు. ఆలస్యమైన ప్రతి నెలా ఊళ్లలో కోపం పెరిగింది. శ్రీకాకుళం బిడ్డ గౌతు లచ్చన్న గీత కార్మికులను కూడగట్టి సత్యాగ్రహానికి దింపారు. గీతకత్తి పట్టిన చేతులు జైలు ఊచలు పట్టుకున్నాయి.

ప్రకాశంగారి మీద గౌరవంతోనే ఈ మాట రాస్తున్నాను: ఆ కోపం న్యాయమైంది. ఆంధ్ర కేసరిగా ప్రజల మధ్యే పెరిగిన నాయకుడు తాటిచెట్టు కింది మనిషి గోడు ముందే విని ఉండాల్సింది. నిషేధాన్ని నిలబెట్టాలంటే ఆ మనిషికి పని చూపించాలి. చూపించలేకపోతే కమిటీ మాట వినాలి. రెండూ జరగలేదు.

కమ్యూనిస్టులు, సోషలిస్టులు, లచ్చన్న వెంట ఉన్న కృషికార్ లోక్ పార్టీ వాళ్లు ఒక గట్టున చేరారు. ఎవరు ఏ వైపు, ఎవరు గైర్హాజరు, ఎవరి మనసు ఆఖరు ఘడియలో మారుతుంది అన్నదే ఆ రోజుల్లో కర్నూలు అంతా మాట్లాడుకునే సంగతి అయి ఉంటుంది. ఇంత దగ్గరి లెక్కలో ఒక సభ్యుడి రైలు ఆలస్యమైనా ప్రభుత్వం తలకిందులయ్యేది.

లెక్క పూర్తయింది. తీర్మానం నెగ్గింది. తేడా ఒక్క ఓటు.

ఆంధ్ర రాష్ట్రపు తొలి ప్రభుత్వం పడిపోయింది. ఇంకో మంత్రివర్గం నిలబడే దారి కనిపించలేదు. నవంబర్ 15న రాష్ట్రపతి పాలన వచ్చింది. గవర్నర్ చందూలాల్ త్రివేది చేతికి పాలన వెళ్లింది.

ఆ తరవాత కథ చూస్తే ఆ ఒక్క ఓటు ఎవరికి లాభించిందో తెలుస్తుంది. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులే అధికారంలోకి వస్తారని చాలామంది అనుకున్నారు. కాంగ్రెస్, ప్రకాశంగారి ప్రజా పార్టీ, కృషికార్ లోక్ పార్టీ కలిసి ఐక్య కాంగ్రెస్ ఫ్రంటుగా పోటీ చేశాయి. 196 స్థానాల్లో 146 ఆ కూటమికి వచ్చాయి. కమ్యూనిస్టులకు 15 మిగిలాయి. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. అయిదు నెలలు తిరక్కముందే, నవంబర్‌లో ప్రకాశంగారి ప్రభుత్వాన్ని పడగొట్టడానికి చేతులెత్తిన లచ్చన్న, ఆ ప్రభుత్వంలోనే ఉపముఖ్యమంత్రిగా ఉన్న సంజీవరెడ్డి ఒకే కూటమి మనుషులయ్యారు. గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్నకు చోటు దొరికింది. తాటిచెట్టు కింద నుంచి మొదలైన గొంతు ఆ విధంగా ప్రభుత్వం లోపలికి చేరింది.