హామ్ రేడియో క్లబ్బు

హామ్ రేడియో క్లబ్బు అనగా ఔత్సాహిక రేడియో (హామ్ రేడియో) ఆపరేటర్లు, ఆ విద్యను నేర్చుకోగోరేవారు ఒక ఊరిలో గాని, ఒక విద్యాసంస్థలో గాని కలిసి ఏర్పరచుకొనే సంఘము. వ్యాపార ప్రయోజనం లేకుండా, ప్రభుత్వ అనుమతితో, తమకు కేటాయించిన పౌనఃపున్యాలపై వ్యక్తులు జరిపే రేడియో సంభాషణను హామ్ రేడియో అంటారు. ఇందుకు లైసెన్సు కావాలి. లైసెన్సు పొందాలంటే పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. అయితే ఏంటెన్నాను ఎలా కట్టాలి, రద్దీగా ఉన్న బ్యాండులో బలహీనమైన స్వరాన్ని ఎలా పట్టుకోవాలి, సందేశాన్ని తప్పు లేకుండా ఎలా వ్రాసుకోవాలి వంటివి పరీక్ష పుస్తకం చదివినంత మాత్రాన రావు. అనుభవజ్ఞుల ప్రక్కన కూర్చొని నేర్చుకోవలసినవి. ఈ విద్యను ఒకరి నుండి మరొకరికి అందించడం క్లబ్బుల ముఖ్యోద్దేశము. తుఫానులు, భూకంపాల సమయంలో టెలిఫోను తీగలు, సెల్‌ఫోను టవర్లు పనిచేయనప్పుడు ఈ విద్య అక్కరకు వస్తుంది.

చరిత్ర

"హామ్" అనే మాటను 19వ శతాబ్దంలో అమెరికా తంతి ఉద్యోగులు పని సరిగా రాని సహోద్యోగిని వెక్కిరించడానికి వాడేవారు. తరువాత రేడియో ఔత్సాహికులు దానినే తమ పేరుగా స్వీకరించారు.

ఇంగ్లాండులోని డర్బీలో 1911లో ఏర్పడిన వైర్‌లెస్ క్లబ్బు ఇటువంటి తొలి సంఘాలలో ఒకటి. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ రేడియో క్లబ్బు మరొక కారణంగా చరిత్రకెక్కింది. ఆ క్లబ్బు సభ్యుడైన హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1914లో సుమారు 30 మైళ్ళ దూరంలోని స్ప్రింగ్‌ఫీల్డుకు ఒక సందేశం పంపబోగా అది చేరలేదు. మధ్యలో విండ్సర్ లాక్స్ అనే ఊరిలోని మరొక ఔత్సాహికుడు దానిని అందుకొని ముందుకు పంపాడు. ఇలా ఒకరి నుండి ఒకరికి అందిస్తూ పోతే దేశమంతటా సందేశాలు పంపవచ్చునని మాక్సిమ్ తన క్లబ్బు సమావేశంలో ప్రతిపాదించాడు. దాని ఫలితంగా అదే సంవత్సరం అమెరికన్ రేడియో రిలే లీగ్ ఏర్పడింది. వివిధ దేశాల సంఘాల సమాఖ్య అయిన అంతర్జాతీయ ఔత్సాహిక రేడియో యూనియన్ 1925లో పారిస్‌లో ఏర్పడింది. దాని స్థాపనకు గుర్తుగా ఏటా ఏప్రిల్ 18ని ప్రపంచ ఔత్సాహిక రేడియో దినంగా జరుపుకొంటారు.

భారతదేశంలో

భారతదేశంలో తొలి ఔత్సాహిక రేడియో లైసెన్సును 1921లో అమరేంద్ర చంద్ర గుప్తు పొందాడు. భారతీయ కేంద్రాల సంకేతనామాలు (కాల్ సైన్) "వీయూ" అనే అక్షరాలతో మొదలవడం 1929 నుండి అమలులోకి వచ్చింది. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం కొత్త లైసెన్సులు ఆపివేసి, ఉన్నవారి ప్రసార పరికరాలను అప్పగించమని ఆదేశించింది. 1946 నుండి మరల తాత్కాలిక లైసెన్సులు ఇచ్చారు.

స్వాతంత్ర్యానంతరం 1948 మే 15న మధ్య భారతంలోని మౌ పట్టణంలో, సైన్యానికి చెందిన సిగ్నల్స్ పాఠశాలలో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా ప్రారంభమైనది. తరువాత దాని ప్రధాన కేంద్రం ఢిల్లీకి మారి, 1954లో అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అనే పేరు వచ్చింది. ఆ తరువాత పలు నగరాలలో, ఇంజనీరింగు కళాశాలలలో స్థానిక క్లబ్బులు వెలసినవి. హైదరాబాదులో 1983లో ఎస్.సూరి చొరవతో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. హామ్ రేడియోలో శిక్షణ, విపత్తు సమయాలలో సమాచార సేవ ఈ సంస్థ ముఖ్య కార్యక్రమాలు. మాజీ ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ కూడా లైసెన్సు గల ఆపరేటరే. ఆయన సంకేతనామము వీయూ2ఆర్‌జీ.

పరీక్షకు శిక్షణ

భారతదేశంలో ఔత్సాహిక రేడియోకు 1978లో ప్రత్యేక నియమావళి రూపొందింది. కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలోని వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం దీనిని అమలు జరిపింది. పరీక్షలో రేడియో సిద్ధాంతము, నియమ నిబంధనలు అనే రెండు భాగాలు ఉంటాయి. తరువాతి సవరణలలో లైసెన్సులను రిస్ట్రిక్టెడ్, జనరల్ అనే రెండు తరగతులుగా కుదించారు. రిస్ట్రిక్టెడ్ తరగతికి మోర్స్ కోడ్ అవసరం లేదు. జనరల్ తరగతికి నిముషానికి 8 పదాల వేగంతో మోర్స్ పంపడం, అందుకోవడం అవసరమని నిర్ణయించారు.

క్లబ్బులు ఈ పరీక్షకు సాధారణంగా సాయంత్రాలు, ఆదివారాలు తరగతులు నడుపుతాయి. బోధించేవారు జీతం తీసుకొనే ఉపాధ్యాయులు కారు. ముందు సంవత్సరాలలో అదే బల్లల మీద కూర్చొని నేర్చుకొన్న సభ్యులే. కొత్తవారిని చేరదీసి నేర్పే అనుభవజ్ఞుడిని అమెరికా హామ్‌లు "ఎల్మర్" అంటారు. 1971లో క్యూఎస్‌టి పత్రికలో ఎల్మర్ అనే ఒక హామ్‌ను గూర్చి వచ్చిన ప్రస్తావన నుండి ఈ వాడుక వ్యాపించింది.

మోర్స్ కోడును కాగితంపై చుక్కలు, గీతలుగా బట్టీ పట్టినవారు వేగం పెరిగేసరికి తడబడతారు. ఎందుకంటే విన్న ధ్వనిని మనసులో చుక్కలుగా మార్చి, ఆ చుక్కలను మరల అక్షరంగా మార్చుకోవలసి వస్తుంది. అందువలన ప్రతి అక్షరాన్ని ఒక లయగా, చెవితోనే నేర్పుతారు. కాఖ్ పద్ధతిలో మొదట రెండు అక్షరాలను మాత్రమే పూర్తి వేగంతో వినిపించి, అవి పట్టుబడిన తరువాత ఒక్కొక్కటిగా కొత్త అక్షరాలు చేరుస్తారు. ఫార్న్స్‌వర్త్ పద్ధతిలో అక్షరాన్ని వేగంగానే పంపి, అక్షరాల నడుమ విరామాన్ని పెంచుతారు. ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరు పంపుతుండగా మరొకరు వ్రాసుకోవడం వలన అభ్యాసం తొందరగా సాగుతుంది.

ఏంటెన్నాలు, పరికరాల తయారీ

కొత్త సభ్యులు సాధారణంగా మొదట కట్టేది డైపోల్ ఏంటెన్నా. 143ను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే దీని మొత్తం పొడవు సుమారుగా మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు ఇది దాదాపు 20 మీటర్లు, అనగా రెండు వైపులా పదేసి మీటర్ల తీగ. తీగ ఎత్తు, చుట్టుప్రక్కల గోడలు, చెట్ల వలన లెక్కకు, వాస్తవానికి కొంత తేడా వస్తుంది. అందువలన తీగను కొంచెం పొడవుగానే కత్తిరించి, పైకెత్తి, మీటరుతో కొలిచి, దించి, కొద్దికొద్దిగా కత్తిరిస్తారు. ఈ పనికి తాడు లాగేవారు, మీటరు చూసేవారు, కత్తిరించేవారు కావాలి గనుక ఇది సహజంగానే క్లబ్బు పని అవుతుంది. విద్యుత్ తీగల దగ్గర ఏంటెన్నా కట్టరాదు, ఉరుములు మెరుపులు రాకముందే ఏంటెన్నాను పరికరం నుండి విడదీయాలి అనేవి ఇక్కడ చెప్పే తొలి పాఠాలు.

కొనుగోలు చేసే ప్రసార గ్రాహక యంత్రాలు (ట్రాన్సీవర్లు) ఖరీదైనవి కావడం విద్యార్థులకు పెద్ద ఆటంకం. దీనికి ఒక పరిష్కారం హైదరాబాదు నుండే వచ్చింది. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ (వీయూ2ఈఎస్ఈ) 2000వ దశకం తొలి ఏళ్ళలో "బిటెక్స్" అనే ట్రాన్సీవరును రూపొందించి, దాని సర్క్యూటును అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాడు. 14 మెగాహెర్ట్జ్ బ్యాండులో సుమారు 6 వాట్ల శక్తితో పనిచేసే ఈ యంత్రంలో అవే యాంప్లిఫయర్ దశలు వినడానికి, మాట్లాడడానికి రెండింటికీ ఉపయోగపడతాయి. తీగచుట్లకు ప్రత్యేకమైన విడిభాగాలు దొరకని చోట కుళాయిలకు వాడే వాషర్లపై తీగ చుట్టుకొనేలా దీనిని రూపొందించారు. మామూలు ఎలక్ట్రానిక్ దుకాణాలలో దొరికే వస్తువులతో చేయగలగడం వలన ఇది అనేక దేశాలలో వ్యాపించింది. చేసినవారు తమకు ఎదురైన చిక్కులు, మార్పులు ఒకరికొకరు తెలుపుకొంటూ దానిని మెరుగుపరచారు.

నెట్

నిర్ణీత సమయంలో, నిర్ణీత పౌనఃపున్యంపై సభ్యులు కలుసుకోవడాన్ని "నెట్" అంటారు. నగరాలలో ఇది ఎక్కువగా 144-146 మెగాహెర్ట్జ్ బ్యాండులో, ఎత్తైన చోట అమర్చిన రిపీటరు ద్వారా జరుగుతుంది. దూర ప్రాంతాలవారు 7 మెగాహెర్ట్జ్ వంటి బ్యాండులు వాడతారు. నెట్‌ను నడిపే వ్యక్తి వరుసగా సంకేతనామాలు పిలుస్తాడు. మీట నొక్కి మాట్లాడుతున్న ఆపరేటరుకు ఇతరుల స్వరం వినపడదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా స్పష్టంగా చేరదు. అందుచేత ఒకరి మాట ముగిసిన తరువాత కొద్ది క్షణాలు ఆగి మాట్లాడడం నేర్పుతారు. అత్యవసర సందేశం ఉన్నవారు ఆ విరామంలోనే ప్రవేశించగలుగుతారు.

ఊరి పేర్లు, మనుషుల పేర్లు సరిగా వినిపించనప్పుడు అంతర్జాతీయ అక్షరసూచికను వాడతారు. ఉదాహరణకు "నెల్లూరు" పేరును ఆంగ్ల వర్ణక్రమంలో నవంబర్, ఎకో, లీమా, లీమా, ఆస్కార్, రోమియో, ఎకో అని చెబుతారు. అంకెలను విడివిడిగా పలుకుతారు. "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" అనేవి గరగర శబ్దంలో ఒకేలా వినిపిస్తాయి గనుక 15ను "ఒకటి, ఐదు" అని చెప్పడం మేలు. కావలసిన మందుల సంఖ్య, తప్పిపోయిన వ్యక్తి వయసు వంటి వివరాలలో ఇటువంటి పొరపాటు ప్రమాదకరం. సందేశాన్ని అందుకొన్నవారు తిరిగి చదివి వినిపించిన తరువాతనే అది చేరినట్లు లెక్క.

క్షేత్ర కార్యక్రమాలు

ఫీల్డ్ డే: అమెరికాలో 1933లో మొదలైన ఈ కార్యక్రమంలో హామ్‌లు ఆరుబయట తాత్కాలిక కేంద్రాలు ఏర్పరచి, బ్యాటరీలు, జనరేటర్లపై ఆధారపడి ఒక రోజంతా ఎక్కువ మందితో సంభాషించడానికి ప్రయత్నిస్తారు. ఇతర దేశాల క్లబ్బులు కూడా కొండలపైన, సముద్రతీరాన ఇటువంటి శిబిరాలు జరుపుతాయి. మరచిపోయిన కనెక్టరు, ఛార్జి లేని బ్యాటరీ వంటి లోపాలు విపత్తు రోజున గాక ఇక్కడే బయటపడతాయి.

నక్క వేట: ఒక చోట దాచిన చిన్న ప్రసారిణిని దిశ తెలిపే ఏంటెన్నాల సహాయంతో కనుగొనే ఆట ఇది. పాత కొలత టేపు ముక్కలు, ప్లాస్టిక్ గొట్టంతో సభ్యులే ఇందుకు యాగీ ఏంటెన్నాలు చేసుకొంటారు. అంతర్జాతీయ పోటీలలో ఐదు "నక్కలు" ఒక్కొక్క నిముషం చొప్పున వంతులవారీగా ప్రసారం చేస్తాయి.

జాంబోరీ ఆన్ ది ఎయిర్: 1958 నుండి ఏటా అక్టోబరులో స్కౌట్లు హామ్ కేంద్రాల నుండి ఇతర దేశాల స్కౌట్లతో మాట్లాడే కార్యక్రమము. లైసెన్సు గల ఆపరేటరు పర్యవేక్షణలో జరుగుతుంది.

ఉపగ్రహాలు

ఇస్రో 2005 మే 5న శ్రీహరికోట నుండి పీఎస్‌ఎల్‌వీ-సీ6 ద్వారా కార్టోశాట్-1తో పాటు "హామ్‌శాట్" అనే 42.5 కిలోల ఉపగ్రహాన్ని ప్రయోగించింది. ఇందులోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి భారతదేశంలోను, మరొకటి నెదర్లాండ్స్‌లో ఒక విద్యార్థి చేతను తయారైనవి. ఉపగ్రహం ఆకాశంలో కనబడే కొద్ది నిముషాలలో ఒకరు ఏంటెన్నాను త్రిప్పుతుంటే, మరొకరు డాప్లర్ ప్రభావానికి అనుగుణంగా పౌనఃపున్యాన్ని సరిచేస్తుండగా క్లబ్బులు దీని ద్వారా సంభాషించేవి. బ్యాటరీ లోపం వలన 2014 జూలైలో దీని సేవలు ముగిసినవి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కూడా హామ్ రేడియో ఉన్నది. 2025 జూలైలో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా దాని ద్వారా విద్యార్థులతో మాట్లాడాడు.

విపత్తు సమయాలలో సేవలు

1999 ఒడిషా పెను తుఫాను, 2001 భుజ్ భూకంపం తరువాత వివిధ ప్రాంతాల హామ్‌లు బాధిత ప్రాంతాలకు వెళ్ళి సమాచార సేవ అందించారు. వీటిలో బాగా ప్రసిద్ధికెక్కినది 2004 నాటి సునామీ. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన భారతీ ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ) బృందం ఆ డిసెంబరులో అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి, వీయూ4ఆర్‌బీఐ అనే సంకేతనామంతో ప్రపంచ హామ్‌లతో సంభాషిస్తున్నది. హామ్‌లకు చాలా అరుదుగా వినిపించే ప్రాంతం కావడం వలన ఆ యాత్రకు ఎంతో ఆసక్తి కలిగింది. డిసెంబరు 26 ఉదయం భూకంపం, సునామీ వచ్చి మామూలు సంబంధాలు తెగిపోగా, ఈ బృందం వెంటనే అత్యవసర సందేశాల పనిలోకి దిగింది. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని ప్రధాన భూభాగంలోని హామ్‌లు వాటిని అందుకొని బంధువులకు, అధికారులకు చేరవేశారు. ఆ పరికరాలు అక్కడ ఉండడం యాదృచ్ఛికమే అయినా, వాటిని సందేశాల కేంద్రంగా మార్చగలిగినది ముందునుండి ఉన్న అభ్యాసమే.

విపత్తు లేని సమయాలలో కూడా ఈ సేవలు ఉపయోగపడుతున్నాయి. పశ్చిమ బెంగాల్‌లో గంగాసాగర్ మేళాలో తప్పిపోయిన యాత్రికుల ఊరు, పేరు కనుగొని వారిని కుటుంబాలకు చేర్చడంలో అక్కడి హామ్‌లు తోడ్పడుతూ వస్తున్నారు.

పరిమితులు

హామ్ రేడియోను వ్యాపారానికి, పాటలు, కార్యక్రమాల ప్రసారానికి వాడరాదు. సందేశాలు రహస్య సంకేత భాషలో ఉండరాదు. ప్రతి ఆపరేటరు తన సంకేతనామాన్ని తెలపాలి. లైసెన్సు లేనివారు స్వయంగా ప్రసారం చేయరాదు. వారు విని నేర్చుకొనడానికి, పరికరాలు కట్టడంలో సహాయపడడానికి క్లబ్బులు అవకాశమిస్తాయి.

సెల్‌ఫోను, ఇంటర్నెట్ వచ్చిన తరువాత దూరదేశంతో మాట్లాడడం వింత కాకుండా పోయింది. అయితే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు విద్యుత్తు, సెల్‌ఫోను సేవలు స్తంభించిపోవడం ఆ సౌకర్యాల పరిమితిని కూడా చూపింది. పరికరాన్ని అల్మరాలో దాచి ఉంచవచ్చును గాని, దానిని వాడే నేర్పు అభ్యాసం లేనిదే నిలువదు. వారం వారం జరిగే నెట్‌లు, తరగతుల ద్వారా ఆ అభ్యాసాన్ని స్థానిక క్లబ్బులు కొనసాగిస్తాయి.