హెడర్: గొట్టాల కూడలి

కారు పనితనం పెంచాలని ఇంజిన్‌కు బిగించే పొగ గొట్టాల సెట్ 'హెడర్'. ఆ పేరు సిలిండర్ హెడ్ నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. బిగించేది హెడ్‌కే కనుక ఆ ఊహ సహజం. అది పేరు నిలవడానికి తోడ్పడి ఉండొచ్చు కూడా. కానీ కార్లు రాకముందే ఆవిరి బాయిలర్ల పనివాళ్లకు ఈ మాట తెలుసు. అనేక గొట్టాలు వచ్చి కలిసే పెద్ద గొట్టాన్ని హెడర్ అనేవారు. ఫ్యాక్టరీ పైపుల పనిలో నేటికీ అదే అర్థం. మన మెకానిక్ షెడ్లలోనైతే ఇంజిన్ నుంచి తోక దాకా అంతా 'సైలెన్సరే'. ఆ ఒక్క మాట కింద అసలు పని జరిగే చోటు కనబడకుండా పోతోంది.

ఆ చోటు గొట్టాలు కలిసే కూడలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 1-3-4-2 వరుసలో మండుతుంటే, 4-2-1 హెడర్‌లో 1, 4 గొట్టాలు ఒక జత, 2, 3 మరో జత. ఆ రెండూ చివరికి ఒకటవుతాయి. కూడలి నుంచి వెనక్కి మళ్లే తక్కువ ఒత్తిడి అల సమయానికి అందితే సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేస్తుంది. గొట్టం పొడవు ఆ సమయాన్ని నిర్ణయిస్తుంది. అందుకే సాధారణంగా 4-2-1 మధ్యస్థ ఆర్‌పీఎంలో, నాలుగు గొట్టాలూ ఒకేచోట కలిసే 4-1 పై ఆర్‌పీఎంలో రాణిస్తాయి. గొట్టం ఎంత లావైతే అంత మేలు కదా అనొచ్చు. మరీ లావైతే పొగ వేగం తగ్గి, కింది ఆర్‌పీఎంలో పికప్ పడిపోతుంది. బిగింపులో కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులను మధ్య నుంచి అంచులకు విడతలుగా బిగించాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పులకు హద్దులు పెట్టిందనీ మరవొద్దు. కొనేముందు మోత వినడం మానండి, కూడలిని చూడండి.